గొర్రెపిల్లల నట్టలకు పసరు ఎంత, మందు ఎంత

ముసురు పట్టిన ఆగస్టులో మంద వెనకబడి నడిచే పిల్లను పట్టుకుని, కింది కనురెప్పను వేలితో లాగి చూస్తే సంగతి సగం అక్కడే తేలిపోతుంది. ఎర్రగా కనిపించాల్సిన పొర సున్నం పూసినట్టు తెల్లగా ఉంటుంది. పారుడు ఉండదు. పెంటికలు గట్టిగానే పడుతుంటాయి. మేత కూడా కాస్తో కూస్తో తింటూనే ఉంటుంది. ఇంకో రెండు రోజులకు దవడ కింద మెత్తగా నీరు దిగుతుంది. ఆ తర్వాత ఒకరోజు పొద్దున దొడ్డి తలుపు తీసేసరికి పిల్ల లేవదు.

ఇది హీమాంకస్ అనే నట్ట చేసే పని. గొర్రెకు ఉండే నాలుగు పొట్టల్లో చివరిదాని గోడకు కరుచుకుని రక్తం తాగుతుంది. ఒక్కో నట్ట రోజుకు సుమారు 0.05 మి.లీ. రక్తం లాగుతుందని లెక్క. చుక్క కూడా కాదు కదా అనిపిస్తుంది. పది కిలోల పిల్ల ఒంట్లో ఉండే రక్తమే అటూ ఇటుగా 700 మి.లీ. వెయ్యి నట్టలుంటే రోజుకు 50 మి.లీ. పోతుంది, అయిదు రోజుల్లో మూడో వంతు ఖాళీ అవుతుంది. పిల్ల కొత్త రక్తం పుట్టించుకునే వేగం దీనికి చాలదు. ఒక్కో ఆడ నట్ట రోజుకు అయిదు వేల నుంచి పది వేల దాకా గుడ్లు పెడుతుంది. ఎండ, తడి కలిసొస్తే వారం లోపే ఆ గుడ్ల నుంచి వచ్చిన పిల్ల పురుగులు గడ్డి కొసకెక్కి కూర్చుంటాయి. వాటిని మింగిన మూడు వారాలకు పిల్ల కడుపులో మళ్లీ గుడ్లు పెట్టే నట్టలు తయారు. ఆంధ్ర, తెలంగాణల్లో తొలకరి తర్వాత జులై నుంచి నవంబరు దాకా ఈ చక్రం ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు అత్యధికంగా ఉన్న రాష్ట్రం తెలంగాణ, సుమారు 1.9 కోట్లు. దాని వెనకే 1.76 కోట్లతో ఆంధ్రప్రదేశ్. ఈ నట్ట లేని మంద వీటిలో వెతికినా దొరకదు.

దీనికి ఏం తాపాలన్న దగ్గరే రెండు వర్గాలు. ఒకరు పసరు అంటారు, ఒకరు సీసా మందు అంటారు. నిజానికి రెండు వైపులా చెడుతున్నది ఒకే చోట, కొలత దగ్గర. సీసా మందులో ఎంత సరుకుందో రాసి ఉంటుంది కానీ పిల్ల బరువు ఎవరూ తూచరు. పసరులో అసలు సరుకు ఎంతుందో తూచే దారే లేదు.

మందు పేరుకన్నా ముందు తేల్చుకోవాల్సింది, కడుపులో ఉన్నది ఏ పురుగు అన్నది. పారుడు పెట్టే పిల్లకు నట్టల మందు తాపడం ఎక్కువగా జరిగే పొరపాటు. మూడు నుంచి ఎనిమిది వారాల పిల్లల్లో నెత్తురు, జిగురు కలిసిన పారుడు వస్తే మొదట అనుమానించాల్సింది కాక్సీడియాను. అది నట్ట కాదు, కంటికి కనిపించని ఏకకణ జీవి. నట్టల మందులైన ఆల్బెండజోల్ అయినా, ఐవర్‌మెక్టిన్ అయినా దాన్ని తాకవు. దానికి ఆంప్రోలియం కిలోకు 50 మి.గ్రా. చొప్పున అయిదు రోజులు, లేదా టోల్ట్రాజురిల్ కిలోకు 20 మి.గ్రా. ఒకే మోతాదు. ఆంప్రోలియం ఎక్కువ మోతాదులో ఎక్కువ రోజులు ఇస్తే థయామిన్ (బి1 విటమిన్) లోపించి పిల్ల తల వెనక్కి విరుచుకుంటుంది, చూపు తప్పుతుంది. అందుకని దాన్ని అంచనా మీద తాపకూడదు. మందు కన్నా ముందు తడిసిన దొడ్డి ఆరబెట్టాలి, దాణా తొట్టిలో పిల్లలు ఎక్కి తొక్కకుండా చూడాలి. అది చేయకపోతే మందు ఆపిన వారానికే మళ్లీ మొదలు.

పెంటికల మీద ఉడికిన మెతుకుల్లాంటి తెల్ల ముక్కలు కనిపిస్తే పెంపకందారు గాభరా పడతాడు. అవి బద్దె పురుగు ముక్కలు. చూడటానికి భయంకరంగా ఉన్నా ఆ పురుగు చేసే నష్టం సాధారణంగా తక్కువే. బద్దె పురుగు కనిపించిందని ప్రాజిక్వాంటెల్ కొని తాపి, కనిపించని హీమాంకస్‌ను వదిలేసిన మందల్లో చావులు ఆగవు. ఇక చెరువు శిఖంలోనూ, మాగాణి గట్ల మీదా మేసే మందల్లో జలగల (ఒంట్లో చేరే ఆకులాంటి చదును పురుగుల) బెడద వేరు. నత్తల ద్వారా వచ్చే ఈ జలగల్లో కార్జానికి పట్టేవి రక్తహీనత, దవడ కింద నీరు తెస్తాయి. పొట్ట జలగల పిల్లలు పేగులో చేరితే కంపుకొట్టే నీళ్ల పారుడు పెడుతుంది. ఎదిగిన కార్జపు జలగల మీద ఆల్బెండజోల్ పనిచేస్తుంది, పిల్ల జలగల మీద చేయదు. పొట్ట జలగలకు ఆక్సీక్లోజనైడ్ కావాలి. ఐవర్‌మెక్టిన్ జలగలకూ బద్దె పురుగుకూ ఎందుకూ కొరగాదు.

ఇప్పుడు కొలత సంగతి. ఆల్బెండజోల్ మన దగ్గర గొర్రెకు కిలో బరువుకు 7.5 మి.గ్రా. చొప్పున వాడతారు. 2.5 శాతం ద్రావణంలో ఒక మి.లీ.కు 25 మి.గ్రా. మందు ఉంటుంది. అంటే పది కిలోల పిల్లకు 3 మి.లీ. ఒకే ఈతలో పుట్టిన పిల్లల్లోనూ ఎనిమిది కిలోలది ఉంటుంది, పదహారు కిలోలది ఉంటుంది. అందరికీ మూతతో మూడేసి మి.లీ. పోసుకుంటూ పోతే చిన్నదానికి కాస్త ఎక్కువే పడుతుంది, దాంతో ముప్పు లేదు. పదహారు కిలోలదానికి మాత్రం కావాల్సిన 4.8 మి.లీ. బదులు 3 పడింది, అంటే కిలోకు 4.7 మి.గ్రా. కూడా అందలేదు. బలహీన నట్టలు చచ్చి, మందును కొంచెం తట్టుకోగల నట్టలు మిగిలాయి. రేపటి మంద నిండా వాటి సంతానమే. ఇదే ఆల్బెండజోల్ 10 శాతం ద్రావణంగానూ అమ్ముతారు. సీసా మారిన సంగతి చూసుకోకుండా పాత కొలతే పోస్తే నాలుగింతలు పడుతుంది.

తూకానికి పెద్ద ఏర్పాటు అక్కర్లేదు. వేలాడే కాటా ఒకటి, నాలుగు కాళ్లు దూరేలా కోసిన గోనె సంచి ఒకటి చాలు. అన్నిటినీ తూచే ఓపిక లేకపోతే బరువును బట్టి మందను రెండు మూడు గుంపులు చేసి, ఒక్కో గుంపులో అన్నిటికన్నా బరువైన పిల్లను తూచి దాని మోతాదే గుంపంతటికీ ఇవ్వాలి. సగటు బరువుకు ఇవ్వడం తప్పు. ఈ సూత్రం ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ లాంటి వాటికి నిర్భయంగా వర్తిస్తుంది. లెవామిసోల్ (కిలోకు 7.5 మి.గ్రా.), క్లోసాంటెల్ (కిలోకు 10 మి.గ్రా.) విషయంలో గుంపుల మధ్య తేడా బాగా తగ్గించుకోవాలి. లెవామిసోల్ మితిమీరితే చొంగ కారుతుంది, ఒళ్లు వణుకుతుంది, పిల్ల పడిపోతుంది. క్లోసాంటెల్ మితిమీరితే కంటి నరం దెబ్బతిని గుడ్డిదవుతుంది, ఆ చూపు తిరిగి రాదు.

తాపే తీరులో కూడా మందు పోతుంది. సీసా అడుగున పేరుకున్న మందు కలిసేదాకా కుదపకపోతే మొదటి పిల్లలకు నీళ్లు, చివరి పిల్లలకు చిక్కటి మందు. పిల్ల తలను ఆకాశం వైపు ఎత్తి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తల నేలకు సమంగా ఉంచి, సూది తీసేసిన సిరంజిని పెదవి మూల నుంచి దవడ సందులోకి, నాలుక వెనక భాగం మీదికి చేర్చి నెమ్మదిగా వదలాలి. నాలుక ముందు పోస్తే మందు మొదటి పొట్టను తప్పించుకుని నేరుగా కిందికి జారిపోయే వీలుంది. ఆల్బెండజోల్ జాతి మందులు నట్టను ఒక్క దెబ్బకు చంపేవి కావు. దాని కణాల్లోని ట్యూబులిన్ అనే మాంసకృత్తుకు అతుక్కుని తిండి అందకుండా చేస్తాయి, అందుకని మందు కడుపులో ఎంతసేపు నిలిస్తే అంత మేలు. పెద్ద గొర్రెలను ముందు రాత్రి మేత లేకుండా, నీళ్లు మాత్రం ఇచ్చి కట్టేయమని చెప్పేది ఇందుకే. నీరసించిన పిల్లలకూ చూడి గొర్రెలకూ ఆ ఉపవాసం వద్దు. కనురెప్ప తెల్లబడిన పిల్లను తరిమి పట్టుకోవడం కూడా వద్దు. ఉన్న కాస్త రక్తంతో అది పరుగెత్తితే అక్కడికక్కడే కూలిపోతుంది. నిలబడ్డ చోటుకే మందు తీసుకెళ్లాలి. పిల్లల తల్లుల్లో పొట్టేలు కలిసి నెల దాటనివి ఉంటే వాటికి ఆల్బెండజోల్ ఇవ్వరాదు, పిండానికి అవకరాలు వస్తాయి.

మందు మొండికేయడం కొత్త వార్తేమీ కాదు. ఆల్బెండజోల్ జాతిలో మొదటిదైన థయాబెండజోల్ 1961లో వచ్చింది. మూడేళ్లు తిరక్కుండానే దాన్ని తట్టుకున్న హీమాంకస్ గురించి నివేదిక వెలువడింది. ట్యూబులిన్ తయారుచేసే జన్యువులో ఒకే ఒక్క మార్పు చాలు, మందు అతుక్కోదు. ఫెన్‌బెండజోల్, ఆల్బెండజోల్ పేర్లు వేరైనా తాళం ఒక్కటే కనుక ఒకటి పోతే రెండోదీ పోయినట్టే. సంతలో కంపెనీ పేరు మార్చి కొంటే ఫలితం మారదు. మందు జాతి మారాలి.

ఇక పసరు వైపు. చెట్టు మందు మెత్తనిది, సీసా మందు రసాయనం అన్న గీత వినడానికి బాగుంటుంది గానీ నిలబడదు. 1981లో పశువులకు మందుగా వచ్చిన ఐవర్‌మెక్టిన్ మూలం జపాన్ మట్టిలో దొరికిన ఒక బ్యాక్టీరియా. దాన్ని కనిపెట్టిన కాంప్‌బెల్, ఒమురాలకు 2015లో నోబెల్ ఇచ్చినప్పుడు అందులో సగం వాటా దక్కింది మాచిపత్రి జాతి మొక్క నుంచి మలేరియా మందు తీసిన తూ యూయూకు. పల్లెల్లో పొగాకు నానబెట్టిన నీళ్లు తాపే అలవాటు ఉంది. పొగాకులోని నికోటిన్, సీసాలోని లెవామిసోల్ నట్ట నరాల్లో తట్టేది ఒకే రకం తలుపు. నట్ట బిగుసుకుపోయి ఊడి పడుతుంది. తేడా ఎక్కడంటే, పది కిలోల పిల్లకు లెవామిసోల్ 75 మి.గ్రా. అని కొలిచి ఇవ్వొచ్చు. పొగాకు కాడలో నికోటిన్ రకాన్ని బట్టి, ఆకును బట్టి, నానిన గంటలను బట్టి మారిపోతుంది. నట్టకు చాలేదానికీ పిల్లను చంపేదానికీ మధ్య దూరం చాలా తక్కువ. పాతకాలం మైలుతుత్తం నీళ్లదీ ఇదే బాపతు. హీమాంకస్ మీద పనిచేసిన మాట నిజమే, కానీ రాగి విషానికి గొర్రె అంత తేలిగ్గా లొంగే పశువు మరొకటి లేదు.

మోదుగ గింజల సంగతి ఆసక్తికరం. పాకిస్తాన్‌లో గొర్రెల మీద చేసిన పరీక్షలో కిలో బరువుకు 3 గ్రాముల గింజల పొడి ఇస్తే పదో రోజుకు గుడ్ల లెక్క సుమారు 78 శాతం తగ్గింది. మొక్కల మందుల్లో ఇది మంచి ఫలితమే. పది కిలోల పిల్లకు అదే మోతాదు అంటే 30 గ్రాముల పొడి. మోదుగ కాయలో ఉండేది ఒక్కటే గింజ, కనుక ఒక్కో పిల్లకు గంపెడు కాయలు ఒలవాలి. పైగా నట్టను చంపే పలాసోనిన్ అనే పదార్థం, చర్మం మీద పాకితే బొబ్బలెక్కించే పురుగుల విషానికి దగ్గరి చుట్టం. 78 శాతం దగ్గర ఆగిందని మోతాదు పెంచే ధైర్యం అందుకే పనికిరాదు.

వేప మీద నమ్మకం ఎక్కువ, ఆధారం తక్కువ. హీమాంకస్ పట్టిన గొర్రెలకు వేప, సీతాఫలం, అనాస సహా ఏడు మొక్కలు ఇచ్చి చూసిన కెన్యా పరీక్ష ఫలితాలు 2004లో వెలువడ్డాయి. గుడ్ల లెక్క 70 శాతం తగ్గితేనే పనికొచ్చినట్టని గీత గీసుకున్నారు, ఒక్కటీ ఆ గీత అందుకోలేదు. అమెరికాలో 2009 నాటి పరీక్షలో వెల్లుల్లి, బొప్పాయి గింజలు మేకల్లోనూ గొర్రెపిల్లల్లోనూ నట్టలను అదుపు చేయలేదు. అదే బొప్పాయి పచ్చికాయ పాలను వరసగా కొన్ని రోజులు తాపిన 2011 నాటి పరీక్షలో హీమాంకస్ బాగా తగ్గింది. ఇందులో వైరుధ్యమేమీ లేదు. కాయ పాలల్లోని ఎంజైమ్ నట్ట పైతోలును అరిగిస్తుంది. గింజల్లో ఆ పాలు ఉండవు, కాచినా ఎండబెట్టినా ఎంజైమ్ బలం పోతుంది. ‘బొప్పాయి పనిచేస్తుంది’ అన్న మాటకు అర్థం లేదు, ఏ భాగం, ఎలా తీసినది, ఎన్ని రోజులు అన్నది చెప్పాలి. జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ ప్రచారం చేసే సంప్రదాయ చికిత్సలు పాడి పశువులను దృష్టిలో పెట్టుకున్నవి. వాటిలోని ముద్దను బరువును బట్టి భాగించి గొర్రెపిల్లకు పెట్టినంత మాత్రాన అదే ఫలితం వస్తుందనుకోలేం.

మొక్క నిజంగా గెలిచే చోటు మందు సీసా పక్కన లేదు, మేత తొట్టిలో ఉంది. వగరు ఆకుల్లోని టానిన్లు నట్టల గుడ్ల సంఖ్యను తగ్గిస్తాయి, మేతలోని మాంసకృత్తులను మొదటి పొట్టలో కరిగిపోకుండా పేగు దాకా చేరుస్తాయి. ఇజ్జత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధన సంస్థలో జువ్వి ఆకు, జామాకు పొడి కలిపి, మొత్తం మేతలో టానిన్ 1.5 శాతం ఉండేలా పెట్టినప్పుడు హీమాంకస్ ఎక్కించిన గొర్రెలు ఆ ఆకు తినని వాటికన్నా మెరుగ్గా ఉన్నాయి. టానిన్ 5 శాతం దాటితే కథ తిరగబడుతుంది, మేత తగ్గుతుంది, అరుగుదల చెడుతుంది. నల్లతుమ్మ కాయలు దొరికాయి కదా అని బస్తాలు గుమ్మరించకుండా దాణాలో పదో వంతు లోపే ఉంచాలి. సుబాబుల్ మంచి మేతే, పచ్చిమేతలో 30 శాతం దాటితే అందులోని మిమోసిన్ వల్ల ఉన్ని రాలుతుంది.

కాపరి దోటితో జమ్మి కొమ్మో, జువ్వి కొమ్మో వంచి వేసినప్పుడు ఇంకో లాభం కూడా జరుగుతుంది, దానికి టానిన్‌తో పనే లేదు. నట్ట పిల్ల పురుగులు ఎక్కువగా ఉండేది నేల నుంచి బెత్తెడు ఎత్తు లోపు గడ్డిలో. కొమ్మ తిన్న పూట పిల్ల వాటిని మింగదు. కొమ్మలను నేల మీద పారేస్తే పెంటికల్లో కలుస్తాయి కాబట్టి పిల్లల ఛాతీ ఎత్తులో తాడుకు వేలాడదీయడం మేలు. పొద్దున్నే మంచు ఆరకముందు పొట్టి గడ్డి మీదికి తోలకపోవడం, రోజుకు 100 గ్రాముల వేరుశనగ చెక్క కలిసిన దాణా ఇవ్వడం కూడా ఇదే లెక్కలోకి వస్తాయి. మాంసకృత్తులు అందిన పిల్ల అదే సంఖ్య నట్టలను మోస్తూ కూడా నిలబడుతుంది. ఈనిన తల్లికీ అంతే. ఈనే రెండు వారాల ముందు నుంచి ఈనిన ఆరేడు వారాల దాకా గొర్రె పెంటికల్లో గుడ్లు ఒక్కసారిగా పెరుగుతాయి, పిల్ల తొలిసారి కొరికే గడ్డి మీద ఉండేవి ఆ గుడ్ల నుంచి వచ్చినవే.

కనురెప్ప తెల్లబడ్డాక మాత్రం కొమ్మలతో కాలక్షేపం చేయకూడదు. ఆకు వారాల మీద పనిచేస్తుంది, ఆ పిల్లకు రోజులే ఉన్నాయి. దక్షిణాఫ్రికాలో రూపొందిన ఫమాచా అనే రంగుల కార్డు కనురెప్పను ఎరుపు నుంచి తెలుపు దాకా ఒకటి నుంచి అయిదు మెట్లుగా చూపిస్తుంది. వానాకాలంలో రెండు వారాలకోసారి చూసి నాలుగు, అయిదు మెట్లలో ఉన్నవాటికీ, పిల్లల్లోనైతే మూడో మెట్టులో ఉన్నవాటికీ మందు తాపాలి. ఎర్రగా ఉన్నవాటిని వదిలేయాలి. ఒకేరోజు మంద మొత్తానికి తాపడం చూడటానికి శ్రద్ధగా కనిపిస్తుంది గానీ, ఆ మర్నాటి నుంచి మేత మీద పడే గుడ్లన్నీ మందుకు చావని నట్టలవే అవుతాయి. కొన్ని గొర్రెల్లో మందు రుచి చూడని నట్టలు మిగిలితే మొండి నట్టలు వాటిలో కలిసి పలచబడతాయి. రాజస్థాన్‌లోని అవికానగర్ కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థ అర్ధశుష్క ప్రాంతాలకు వానాకాలం మధ్య నుంచి చివరిలోపు ఒక్క మోతాదు సరిపోతుందని చెప్పడం వెనక ఈ ఆలోచనే ఉంది. రాయలసీమ మెట్టకూ, మహబూబ్‌నగర్ మెట్టకూ అది ఆలోచించదగ్గ మాట, చెరువుల కింద మేసే మందకు కాదు.

మందు పనిచేసిందో లేదో పెంటికే చెబుతుంది. తాపే ముందు పది పిల్లల నుంచి నేల మీద పడినవి కాకుండా నేరుగా ఆసనం నుంచి నాలుగైదు గ్రాములు తీసి, ఒక్కోదాన్ని విడి సంచిలో కట్టి, ఐసు మీద అదేరోజు పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు పంపాలి. ఎండలో ఒకరోజు ఉంటే గుడ్లు పొదిగిపోయి లెక్క తప్పుతుంది. మళ్లీ పది నుంచి పద్నాలుగు రోజుల మధ్య అవే పిల్లల పెంటికలు పంపాలి. గ్రాముకు సగటున 1,200 గుడ్లు ఉన్నవి 40కి దిగితే తగ్గుదల 96 శాతం పైమాటే, మందు బతికే ఉంది. 300 దగ్గర ఆగితే 75 శాతం. 95 లోపు ఉంటే, కొలతా తాపడమూ సరిగ్గానే జరిగినట్టయితే, ఆ జాతి మందును ఆ మందలో పక్కన పెట్టాల్సిందే.

కొత్తగా కొన్న పిల్లల విషయంలో ఈ పరీక్ష దాకా ఆగే వీలు ఉండదు. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున యూనిట్లు పంచినప్పుడు పక్క రాష్ట్రాల నుంచి లారీల్లో మందలు దిగాయి. అలా ఎక్కడి మంద వచ్చినా వాటి కడుపులోని నట్టలు, ఆ నట్టలు నేర్చుకున్న మొండితనం కూడా వెంట వస్తాయి. వచ్చిన రోజే పశువైద్యుడి సలహాతో రెండు వేర్వేరు జాతుల మందులు బరువు తూచి తాపి, రెండు రోజులు గట్టి నేల ఉన్న దొడ్డిలో మేత వేసి ఉంచాలి. ఆ రెండు రోజుల పెంటికలను ఊడ్చి ఎరువుగుంటలో పూడ్చాక, మిగిలిన మొండి నట్టలు పాతవాటిలో కలిసి పలచబడేలా వాటిని పాత మంద మేస్తున్న బీటిలోకే వదలాలి, ఎవరూ మేయని శుభ్రమైన బీటిలోకి కాదు.